6,000 మంది నెత్తుటోళ్ళు, 30,000 మంది జనం: ఒక ఫాంటసీ సీరియల్ కేస్ స్టడీ

నేను చేసే పని వరల్డ్‌బిల్డింగ్ ఎడిటింగ్, అంటే కల్పిత ప్రపంచాలు రాసేవాళ్ళతో కూర్చుని ఆ ప్రపంచం నిలబడుతుందా లేదా చూడటం. చదివింది జువాలజీ, అది ఈ పనికి ఇంతలా పనికొస్తుందని అప్పట్లో ఎవరైనా చెప్పుంటే నవ్వేవాణ్ణి. ఈ కేసు రాసుకోమని రచయిత్రి గారే ఒప్పుకున్నారు, తనని ఎవరూ గుర్తుపట్టకూడదన్నది ఒక్కటే షరతు. అందుకే సీరియల్ పేరు, పాత్రల పేర్లు, ఊళ్ళ పేర్లు తీసేశా, కొన్ని వివరాలు మార్చేశా. లెక్కలు, నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

బ్యాక్‌గ్రౌండ్

రాత్రి ఉద్యోగం అయ్యాక ఫోన్‌లో ఎపిసోడ్లు రాసే మనిషి. భాష బాగుంది, డైలాగ్ ఇంకా బాగుంది. కథ జరిగేది ఒక డెల్టాలో, నది పాయల మధ్య దీవులు, ఒక పెద్ద పట్నం, అందులో 30,000 మంది మామూలు జనం, 6,000 మంది రక్తపిశాచులు. జనం వాళ్ళని నెత్తుటోళ్ళు అంటారు. మూడు వంశాలు, కళ్ళ రంగుని బట్టి. 800 ఏళ్ళ వయసున్న రాజు, ఆయనకో కొడుకు, వాడే హీరో. మనిషిని కరిస్తే కరిపించుకున్నవాడు కూడా నెత్తుటోడైపోతాడు. ఎండ తగిలితే కాలిపోతారు, పారే నీళ్ళు దాటలేరు, మొహాలు పాలిపోయి తెల్లగా ఉంటాయి. ఇవన్నీ కలిపి పెద్ద డాక్యుమెంట్ పట్టుకొచ్చారు, ఏ వంశం వాళ్ళు ఏ ఉంగరం ఏ వేలికి పెడతారో కూడా అందులో ఉంది.

వచ్చిన సమస్య

ఆవిడ మాటల్లోనే, "ప్రపంచం పల్చగా ఉందంటున్నారండి, సరే అని ఇంకొన్ని రూల్స్ రాస్తే బోర్ అంటున్నారు." దీనికి తోడు ఒక రీడర్ కామెంట్ ఆవిడకి నిద్ర పట్టనివ్వలేదు: ఇంతమంది ఎవర్ని తాగి బతుకుతున్నారు మేడం?

డాక్యుమెంట్ మొత్తం చదివా. శక్తులు బోలెడు, ఖర్చు ఒక్కటీ లేదు. ఎగురుతారు, గోడలెక్కుతారు, మనసు చదువుతారు, కానీ ఒక రాత్రికి ఎంత తాగాలి, తాగకపోతే ఎన్నాళ్ళకి పోతారు, తాగింది ఒంట్లో ఏమవుతుంది, ఈ మూడింటికీ జవాబు లేదు. ఒక్కచోట మాత్రం "ఒక పాత్ర నిండా" అని ఉంది. ఎంత పాత్ర అని అడిగితే చేతులతో చూపించారు, సుమారు అర లీటరు.

ఇక్కడ నేను తీసుకున్న మొదటి నిర్ణయం, కథ జోలికి వెళ్ళకుండా ముందు ఆకలి లెక్క తేల్చడం. మామూలుగా ఎడిటర్లు ప్లాట్‌తో మొదలుపెడతారు. కానీ ఆ కామెంట్ పెట్టిన రీడర్ అడిగింది ప్లాట్ గురించి కాదు, తిండి గురించి, అది తేలకుండా వంశాలు, యుద్ధాలు సరిచేస్తే పునాది చూడకుండా గోడకి సున్నం వేసినట్టే.

లెక్క

నెత్తురు చూడ్డానికి చిక్కగా ఉంటుంది గానీ తిండిగా చాలా నాసిరకం. దాదాపు 80 శాతం నీళ్ళు, మిగిలింది దాదాపు అంతా ప్రొటీనే, పిండిపదార్థం, కొవ్వు నామమాత్రం. లీటరుకి సుమారు 190 గ్రాముల ప్రొటీన్ వేసుకుంటే అటూఇటూగా 800 క్యాలరీలు. మనిషి సైజు ఒళ్ళు రోజంతా నడవాలంటే 2,000 క్యాలరీలు కావాలి కాబట్టి రాత్రికి రెండున్నర లీటర్లు. పెద్ద మనిషి ఒంట్లో ఉండేదే 5 లీటర్లు. అంటే ఆవిడ చూపించిన అర లీటరు పాత్రతో నెత్తుటోడు చిక్కి శల్యమైపోతాడు, రెండున్నర లీటర్లు ఒకే మనిషి దగ్గర తాగితే ఆ మనిషి పోతాడు.

చంపకుండా తాగుతారనుకుందాం. మన బ్లడ్ బ్యాంకుల్లో ఒకసారికి 350 మిల్లీలీటర్లు తీసుకుంటారు, మగవాళ్ళకి 90 రోజుల గ్యాప్, ఆడవాళ్ళకి 120. 90 రోజుల లెక్కే వేసుకున్నా ఒక్క నెత్తుటోడికి రాత్రికి ఏడుగురు చొప్పున సుమారు 640 మంది దాతలు కావాలి. 6,000 మందికి 38 లక్షల పైన. ఆవిడ పట్నంలో ఉన్న 30,000 మందికి, పిల్లల్ని ముసలివాళ్ళని కూడా లెక్కలో వేసినా, గట్టిగా 50 మంది నెత్తుటోళ్ళు కూడా బతకరు.

కరిస్తే మారిపోవడం అనే రూల్ ఇంకా ఘోరం. ఒక్కడు నెలకి ఒకర్ని మార్చినా, మారినవాళ్ళు కూడా అలాగే చేసినా, పదిహేనో నెలకి 32,768 అవుతారు, పట్నంలో తాగడానికి మనిషే మిగలడు. ఈ తరహా లెక్క 2006లో ఇద్దరు ఫిజిసిస్టులు మొత్తం ప్రపంచానికి వేశారు, 1600 సంవత్సరం నాటి జనాభా సుమారు 53.7 కోట్లు తీసుకుంటే రెండున్నరేళ్ళలో అందరూ అయిపోయారు. ఈవిడ కథలో మాత్రం ఇది 800 ఏళ్ళుగా నడుస్తోంది.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే మొత్తం తీసేయాలా అండి" అన్నారు. అక్కర్లేదన్నా. ఇలాంటి కథల్లో రీడర్ ఒక్క అబద్ధాన్ని ఫ్రీగా ఒప్పుకుంటాడని నా నమ్మకం, రెండోదానికి బిల్లు అడుగుతాడు. ఆ ఒక్కటి దేని మీద ఖర్చుపెడతారో ముందే తేల్చుకోమన్నా. ఆవిడ చాలా ఆలోచించి దీర్ఘాయుష్షు ఎంచుకున్నారు, ఎందుకంటే కథలో పాత పగలన్నీ 300 ఏళ్ళ నాటివి, అది పోతే కథే లేదు. సరే, ఆయుష్షు గురించి ఇంక ఎవరూ ప్రశ్న వెయ్యం, మిగతాదంతా లెక్కకి నిలబడాలి అనుకున్నాం.

ప్రయత్నించి వదిలేసినవి

మొదటిది జనాభా తగ్గించడం. 50 మందే ఉన్నారనుకుంటే లెక్క సరిపోతుంది గానీ మూడు వంశాలు అంటే వంశానికి పదహారు మంది, అది రాజ్యం అవ్వదు, ఉమ్మడి కుటుంబం అవుతుంది. ఆవిడ రాయాలనుకున్నది ఒక సమాజం గురించి, అందుకే వదిలేశాం.

రెండోది ఒంటిని చల్లబరచడం. జలగ ఒక్కసారి నిండుగా తాగితే నెలల తరబడి ఆగగలదు, కొండచిలువా అంతే, ఎందుకంటే ఒంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు వాటికి లేదు. నెత్తుటోళ్ళ ఒళ్ళు కూడా చల్లగా పెడితే ఆరు నెలలకోసారి తాగినా చాలు. కాగితం మీద అద్భుతంగా కుదిరింది, ఆవిడ రెండు ఎపిసోడ్లు రాసి పెట్టారు కూడా. చదివితే ప్రాణం లేదు. కారణం తర్వాత కూర్చుని చూస్తే తెలిసింది: ఆరు నెలలు ఆగగలిగేవాడికి తొందర ఉండదు, తొందర లేనివాడు ఎవర్నీ ఏమీ అడగడు, ఎవరికీ లొంగడు, ఎవరితోనూ బేరమాడడు. సీన్ ఎక్కణ్ణుంచి పుడుతుంది? పైగా ఒళ్ళు చల్లగా ఉన్నవాడు రాత్రంతా కత్తియుద్ధం చెయ్యలేడు, అదో తలనొప్పి.

మధ్యలో ఆవిడ పోర్ఫిరియా అనే జబ్బు గురించి ఎక్కడో చదివి అదే పెడదామన్నారు, ఎండ పడకపోవడానికి కారణం దొరుకుతుందని. వద్దని గట్టిగా చెప్పా. 1985లో ఒక కెమిస్ట్ ఈ వాదం తెచ్చాడు, నిపుణులు ఒప్పుకోలేదు, నెత్తురు తాగితే ఆ జబ్బు తగ్గేదీ లేదు, ఆ జబ్బున్న అసలు మనుషులకి మాత్రం పిశాచి అనే ముద్ర మిగిలింది. ఎండకి కాలిపోవడం కూడా అంత పాత విషయం కాదు, 1922 నాటి ఒక జర్మన్ మూకీ సినిమాతో పాకింది. నెత్తుటోళ్ళు రాత్రి తిరుగుతారు, గబ్బిలాలు తిరిగినట్టే, ఎండలో కళ్ళు చికిలిస్తారు, అంతే చాలు అనుకున్నాం.

పనిచేసింది

ఈ దశలో ప్రశ్న మార్చా. వీళ్ళు ఏం చేయగలరు అని కాకుండా, వీళ్ళు దేనికోసం ఆగలేరు అని. దానికి ప్రకృతిలోనే జవాబుంది.

నెత్తురు మాత్రమే తాగి బతికే గబ్బిలాలు మూడు జాతులు, మూడూ అమెరికా ఖండాల్లోనే, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా. (మన పాడుబడ్డ గుళ్ళల్లో వేలాడేవి నెత్తురు తాగవు, వాటిని ఏమీ అనకండి.) బరువు 30 నుంచి 40 గ్రాములు, రాత్రికి తాగేది సుమారు 20 మిల్లీలీటర్లు, అంటే ఒంటి బరువులో సగం. ఇంత తాగినా కొవ్వుగా దాచుకోలేవు, ఎందుకంటే ఆ తిండిలో దాచుకునేంత సరుకు లేదు. 70 గంటలు తిండి దొరక్కపోతే చచ్చిపోతాయి. రెండు రాత్రులు ఖాళీగా తిరిగొస్తే మూడోది ఆఖరు. మరి ఎలా బతుకుతున్నాయంటే, కడుపు నిండింది ఖాళీగా వచ్చినదాని నోట్లోకి కక్కి పెడుతుంది. 1984లో జెరాల్డ్ విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త కోస్టారికాలో ఇది గమనించి రాశాడు. చుట్టరికం లేనివి కూడా పెట్టుకుంటాయి, ముఖ్యంగా ఆడవి, ఇదివరకు తనకి పెట్టినదానికి ఎక్కువగా పెడతాయి. 2020లో జెరాల్డ్ కార్టర్ బృందం ఇంకోటి చూపించింది, కొత్తగా కలిసిన రెండు గబ్బిలాలు ముందు ఒకదాని ఒళ్ళు ఒకటి నాకి శుభ్రం చేస్తాయి, కొన్నాళ్ళకి నమ్మకం కుదిరాక తిండి పెట్టడం మొదలవుతుంది.

ఇది చెప్తుండగానే ఆవిడ "అంటే ఎంగిలి" అన్నారు.

అక్కడితో కేసు తిరిగింది. మన ఊళ్ళల్లో ఎవరి ఎంగిలి ఎవరు తింటారు, ఎవరితో కంచం పొత్తు, ఎవరితో మంచం పొత్తు అన్నదాని మీదే కులమంతా నడిచింది కదా, ఆవిడ ప్రపంచంలో అది తిరగబడింది: ఎవరి ఎంగిలితో నువ్వు బతికావో వాళ్ళే నీ వంశం. కళ్ళ రంగులు ఎగిరిపోయాయి.

కరిస్తే మారడం అనే రూల్‌కీ ఇక్కడే మందు దొరికింది. నెత్తురులో బి విటమిన్లు సరిపోవు, అందుకే నెత్తురు మీదే బతికే జీవులు చాలావరకు ఒంట్లో బ్యాక్టీరియాని పెంచుకుంటాయి, నల్లికి వొల్బాకియా, ఆఫ్రికాలోని సీసీ ఈగకి విగిల్స్‌వర్తియా. నెత్తురు తాగే గబ్బిలం విషయంలోనూ జీనోమ్‌తో (అంటే దాని మొత్తం జన్యువులతో) పాటు కడుపులోని సూక్ష్మజీవుల్ని కలిపి చూడాలని 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి కాటు వల్ల ఎవరూ మారరు. ఎవరైనా నెత్తుటోడు కావాలంటే ఇంకో నెత్తుటోడు నెలల తరబడి నోట్లో నోరు పెట్టి పెంచాలి. 32,768 సమస్య ఒక్క దెబ్బకి పోయింది, పైగా మార్చడం అనేది దాడి కాకుండా పెంపకం అయింది. పెంచడానికి తన రాత్రి తిండిలో భాగం ఇవ్వాలి కాబట్టి ఎవరూ ఊరికే ఎవర్నీ మార్చరు.

ఇక ఎవర్ని తాగాలి? గేదెల్ని. ఆవిడ మొదట ఒప్పుకోలేదు, "రక్తపిశాచి గేదె వెనక తిరిగితే రొమాన్స్ ఎక్కడుంటుందండి" అన్నారు, న్యాయమే. కానీ డెల్టాలో గేదెలు కాక ఏముంటాయి, అసలు గబ్బిలాలు కూడా ఇప్పుడు ఎక్కువగా పశువుల మీదే బతుకుతున్నాయి. 450 కిలోల గేదెకి నెత్తురు పాతిక లీటర్ల దాకా ఉంటుంది, అందులో పదో వంతు తీస్తే తట్టుకుంటుంది, అది సరిగ్గా రెండున్నర లీటర్లు, ఒకరి ఒక రాత్రి తిండి. నెల గ్యాప్ ఇస్తే నెత్తుటోడికి 30 గేదెలు. జనాభాని 600కి దించాం, 18,000 గేదెలు. 30,000 మంది ఉన్న డెల్టా పట్నానికి, చుట్టూ పల్లెలకి కలిపి ఇది నమ్మదగ్గ లెక్క.

గేదెలు ఎవరివి? జనానివి. అక్కడ పుట్టింది అసలు గొడవ. ఒక పశువుల జబ్బు వచ్చిందంటే మనిషి ఆ ఏడాది పాలు పోగొట్టుకుంటాడు, నెత్తుటోడు మూడు రాత్రుల్లో పోతాడు. లాటిన్ అమెరికాలో ఈ గబ్బిలాల వల్ల పశువులకి రేబిస్ సోకి రైతులు నిజంగానే నష్టపోతారు, కాబట్టి ఒక గేదె కాళ్ళు పడిపోతే రాత్రి దాన్ని తాగింది ఎవరు అనే పంచాయితీ కథలోకి సహజంగా వచ్చింది. జనం వాళ్ళని చూసి భయపడటానికి ఇప్పుడు కోరలు అక్కర్లేదు.

రంగు, వాసన

ఒక లీటరు నెత్తురులో సుమారు 500 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, అంటే వీళ్ళ ఒంట్లోకి రాత్రికి 1,250 మిల్లీగ్రాములు పోతోంది, మన ఒంటికి రోజూ పట్టాల్సింది ఒకటి రెండు మిల్లీగ్రాములే. నెత్తురు తాగే గబ్బిలాల్లో ఎక్కువ ఇనుముని బయటికి తోసే ఏర్పాటు ఉన్నట్టు కనిపిస్తోంది. అది పూర్తిగా పనిచెయ్యకపోతే? మనుషుల్లో ఇనుము పేరుకుపోయే జబ్బులో చర్మం కంచు రంగుకి తిరుగుతుంది, కీళ్ళు నొప్పులు, లివర్ పాడవుతుంది, వైద్యం ఏంటంటే నెత్తురు తీసెయ్యడం. కాబట్టి ముసలి నెత్తుటోళ్ళు తెల్లగా పాలిపోరు, కంచు విగ్రహాల్లా ఉంటారు, కీళ్ళు పట్టేసి ఉంటాయి, ఏడాదికి కొన్నిసార్లు ఎవరో ఒకరు వాళ్ళ నెత్తురు తీయాలి. ఈ చివరి ముక్క ఆవిడే కనిపెట్టారు, చదివి నేనే లేచి కూర్చున్నా.

తెల్లటి మొహం వదలడం ఆవిడకి కష్టమైంది, అలవాటైన బొమ్మ కదా. అప్పుడు 1732 నాటి సెర్బియా రిపోర్టు సంగతి చెప్పా. ఆస్ట్రియా సైన్యం డాక్టర్లు మెద్వెజా అనే ఊళ్ళో సమాధులు తవ్వి చూసి రాసింది అది. అందులోని పిశాచులు కోటల్లో ఉండే దొరలు కారు, పల్లెటూరి జనం, శవాలు ఉబ్బి, నోటి దగ్గర నెత్తురుతో ఉన్నాయి, కుళ్ళేటప్పుడు మామూలుగా జరిగేదే. పాలిపోయిన దొర తర్వాతి సాహిత్యం తయారుచేసినవాడు. వాణ్ణి మోయాల్సిన బాకీ మనకేం లేదు.

ఇంకోటి వాసన. రాత్రికి 475 గ్రాముల ప్రొటీన్ అంటే, అది అరిగాక మూత్రంలో పోయే యూరియా 160 గ్రాములు, మామూలు మనిషి విసర్జించేది 20 నుంచి 35 గ్రాములు. గబ్బిలమైతే తాగడం మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే మూత్రం పోసేస్తుంది, లేకపోతే బరువుకి ఎగరలేదు. "ప్రేమకథలో ఉచ్చ గురించి రాయమంటారా?" అని అడిగారు. రాయొద్దు, ఇళ్ళు కాలవల మీద స్తంభాలేసి కట్టండి చాలు అన్నా. పారే నీళ్ళు దాటలేరన్న పాత రూల్ తిరగబడి, పారే నీళ్ళు లేకపోతే బతకలేరు అయింది. తర్వాత ఒక ఎపిసోడ్‌లో హీరోయిన్ మూసేసిన ధాన్యం కొట్టు ముందు ఆగి, ఘాటుకి ముక్కు మూసుకుని, లోపల ఎవరో దాక్కున్నారని కనిపెడుతుంది. ఆ సీన్‌కి ఒక్క వివరణ కూడా అక్కర్లేకపోయింది.

మళ్ళీ ఫెయిలైంది

ఇంత కుదిరాక ఆవిడ ఒక వైద్యుడి పాత్ర పెట్టి ఆ నోటితో ఇనుము, యూరియా, కడుపులో పురుగులు అన్నీ ఒకే ఎపిసోడ్‌లో చెప్పించారు. రీడర్లు కామెంట్లు కూడా పెట్టలేదు. ఆ ప్రపంచంలో మైక్రోస్కోప్ లేదు, ఆ వైద్యుడికి ఇవి తెలిసే దారే లేదు, పాఠం చెప్తున్నది పాత్ర కాదు రచయిత్రి అని అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, నోట్‌బుక్‌లో ఉన్న ప్రతి నిజానికి ఒక తిట్టో, మర్యాదో, పెళ్ళి తంతో, అప్పో, ఇంటి కట్టుబడో పుట్టాలి. పుట్టకపోతే అది నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. చాలా ఉండిపోయాయి, ఇనుము లెక్కతో సహా.

పుట్టినవి బాగున్నాయి. ఇద్దరు ఎదురుపడితే పలకరింపు "ఎన్నో రాత్రి?" అని. కడుపు నిండి ఉంటే "తాగే వచ్చా", లేకపోతే ఒకటనో రెండనో చెప్తారు. "మూడు" అంటే అవతలివాడు శత్రువైనా పెట్టి తీరాలి. పిసినారిని తిట్టాలంటే "మూడో రాత్రి తలుపేసేవాడు". స్నేహం మొదలయ్యేది తల దువ్వడంతో, ఒకరి తల ఒకరు దువ్వుకున్నారంటే ఊరంతా గుసగుసలే. ఆవిడకి కావాల్సిన రొమాన్స్ గేదెల దగ్గర దొరకలేదు గానీ ఇక్కడ కావాల్సినంత దొరికింది.

రాజు నిలబడలేదు. ఇలాంటి సమాజంలో బలం ఉన్నది ఎక్కువమందికి పెట్టిన మనిషికి, సింహాసనం మీద కూర్చున్నవాడికి కాదు. అందుకని ఆయన స్థానంలో ఒక ముసలావిడ వచ్చింది, అందరూ పెద్దమ్మ అంటారు, మూడు వంశాల్లోనూ ఆవిడ పెట్టింది తిని బతికినవాళ్ళున్నారు. హీరో రాకుమారుడు కాస్తా పట్నంలో అందరికంటే ఎక్కువ బాకీ ఉన్నవాడయ్యాడు. "హీరో అప్పులోడైతే ఎలాగండి" అన్నారు. అప్పు లేని హీరోకి ఊళ్ళో తిరగాల్సిన పనేముంది, ఇంట్లో పడుకుంటాడు అన్నా. యుద్ధం ఎపిసోడ్ కూడా తీసేశారు, దాని బదులు ఎదుటి వంశం నాయకుడు ఒంటరిగా పెద్దమ్మ గుమ్మం ముందుకొచ్చి "మూడు" అంటాడు. రెండు ఎపిసోడ్ల పాటు పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబెట్టింది వాణ్ణి. ఆ వారం కామెంట్లలో పెట్టాలా వద్దా అని రీడర్లు తిట్టుకున్నారు, ఎవర్ని తాగి బతుకుతున్నారు అనే ప్రశ్న మళ్ళీ రాలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

శక్తుల పట్టిక తెచ్చినవాళ్ళని ముందు ఆకలి పట్టిక రాసుకురమ్మంటున్నా. ఒక జీవి దేన్ని దాచుకోలేదో తెలిస్తే అది ఎవరి మీద ఆధారపడుతుందో తెలుస్తుంది, ఆధారం తెలిస్తే అధికారం ఎవరిదో దాదాపు దానంతటదే తేలుతుంది. ఇది నెత్తుటోళ్ళకే కాదు, మొన్న ఒకాయన తెచ్చిన నీటి అడుగు రాజ్యానికీ పనికొచ్చింది, అక్కడ దాచుకోలేనిది గాలి. లెక్క తప్పిన ప్రతిదాన్నీ సరిచెయ్యక్కర్లేదని కూడా అనుకుంటున్నా. వీళ్ళకి ఉప్పు సమస్య ఉంది, రాత్రికి రెండున్నర లీటర్ల నెత్తురుతో లోపలికి పోయే సోడియం తక్కువేం కాదు, దాన్ని ముట్టుకోలేదు, ఎందుకంటే దాన్నుంచి కథకి పనికొచ్చేది ఏదీ పుట్టలేదు.

ఇప్పుడు ఆవిడ రెండో భాగం మొదలుపెడుతున్నారు, ఒక నెత్తుటోడు డెల్టా వదిలేసి కొండల మీద ఊరికి పోతాడు, అక్కడ తనలాంటివాడు ఇంకొకడు లేడు, "మూడు" అని చెప్పడానికి మనిషే లేడు. ఐడియా నచ్చింది. ఆ కొండ ఊళ్ళో గేదెలు ఉండవు, మేకలే, మేకకి నెత్తురు రెండు లీటర్లు కూడా ఉండదు, పదో వంతు చొప్పున రాత్రికి ఎన్ని మేకలు, మంద ఎంత ఉండాలి, కాపరికి ఎన్నాళ్ళకి అనుమానం వస్తుంది, ఇది రాసి పంపమన్నా. ఇంకా పంపలేదు.